తొమ్మిదో తరగతి పిల్లకు పైలట్ కోర్సా? ముందు ఒక థర్మాకోల్ షీటు కొనండి

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఏడాదిగా పైలట్ అవుతానంటోంది. హైదరాబాద్‌లో ఒక సంస్థ వాళ్లు ‘ఏవియేషన్ ఫౌండేషన్’ అని ఇంటర్ దాకా నాలుగేళ్ల కోర్సు ఉందన్నారు. ఏడాదికి 1,80,000 రూపాయలు. ఇప్పుడు చేరకపోతే తర్వాత సీటు దొరకదన్నారు. 10,000 అడ్వాన్సు కట్టాం. మా వారు ఉన్న రెండెకరాలు అమ్మడానికైనా సిద్ధంగా ఉన్నారు. మా అన్నయ్య మాత్రం ఐఐటీ ఫౌండేషన్‌లో వెయ్యమంటున్నాడు. రెండింటిలో ఏది మేలు? ఆడపిల్ల కదా అని ఒక పక్క, గాల్లో ఇంజిన్ ఆగిపోతే ఎలా అని ఇంకో పక్క భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ఊరి పేరూ ఫీజూ మారి ఇదే ఉత్తరం తరచూ వస్తూ ఉంటుంది. అడిగేది ‘ఏ కోర్సు మేలు’ అనే. లోపలున్న భయం వేరు. ఇప్పుడు డబ్బు కట్టకపోతే, రేపు బిడ్డ ‘మీవల్లే నేను పైలట్ కాలేకపోయాను’ అంటుందేమోనని. ముందు ఆ భయం తీసేసుకోండి. పద్నాలుగేళ్ల పిల్లకు విమానయానంలో ఆలస్యమైపోవడం అనేది లేదు.

ఎందుకంటే నిబంధనలే అలా ఉన్నాయి. దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇచ్చే స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు 16 ఏళ్లు నిండాలి, పది పాసవ్వాలి. ఉద్యోగానికి పనికొచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, 200 గంటలు విమానం నడిపి ఉండాలి. తొమ్మిది, పది తరగతుల్లో ఏ సంస్థలో చేరినా ఆ 200 గంటల్లో ఒక్క నిమిషం కూడా జమ కాదు. సిమ్యులేటర్ ముందు కూర్చోబెడతారు, తెల్ల చొక్కాకు భుజాల మీద చారలు కుట్టిస్తారు, ఫొటో తీస్తారు. నాలుగేళ్లకు మీరు కట్టేది 7,20,000. శిక్షణ విమానం గంటకు 15 వేలకు అటూ ఇటూగా ఉంటుందనుకుంటే అది దాదాపు 48 గంటల ఎగిరే ఖర్చు. ఆ డబ్బు ఇప్పుడు చారల చొక్కాకు పెడితే రేపు నిజంగా ఎగరాల్సిన రోజున ఉండదు. ‘ఇప్పుడు చేరకపోతే సీటు దొరకదు’ అన్న మాట నమ్మకండి. లైసెన్సుకు ఈ కోర్సుతో సంబంధమే లేదు.

ఒక్క మాట కటువుగా చెప్పాలి. మీ ఉత్తరంలో ఫీజు ఉంది, పొలం ఉంది, అన్నయ్య అభిప్రాయం ఉంది. అమ్మాయి గురించి ‘పైలట్ అవుతానంటోంది’ తప్ప ఇంకో వాక్యం లేదు. ఆమెకు లెక్కలంటే ఇష్టమా, ఫిజిక్స్‌లో ఏ పాఠం దగ్గర ఆగి ప్రశ్నలు వేస్తుంది, విమానంలో ఆమెను పట్టుకున్నది యంత్రమా, యూనిఫామా, దూరదేశాలా, ఇవేవీ మీరు రాయలేదు. బహుశా అడగలేదు కూడా. అడగకుండా పొలం అమ్మడం త్యాగం కాదమ్మా. ఆ అమ్మకం బరువు పద్నాలుగేళ్ల పిల్ల తల మీద పెట్టడం అవుతుంది. రెండేళ్ల తర్వాత ఆమెకు ఇంకేదైనా నచ్చితే నోరు తెరిచి చెప్పుకోలేదు. పొలం మాట ఆమె ముందు ఎత్తకండి. ఎత్తి ఉంటే ఈ రోజే ‘అమ్మడం లేదు’ అని చెప్పండి.

మరి ఆమె ఆసక్తిని ఏం చెయ్యాలి? ఈ వయసులో పిల్లకు కావలసింది విమానం ఎలా ఎగురుతుందో చేత్తో చేసి చూసుకోవడం. 1,000 రూపాయల్లోపు పని.

మొదట గ్లైడర్. 5, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న థర్మాకోల్ షీటు స్టేషనరీ షాపులో దొరుకుతుంది. సన్‌బోర్డు తీసుకోవద్దు, బరువెక్కువ. రెక్కకు 40 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు ముక్క కోయాలి. ఒంటికి 35 సెంటీమీటర్ల తిన్నని వెదురు పుల్ల. కొబ్బరి చీపురు పుల్ల వంగిపోతుంది, పనికిరాదు. తోకకు అడ్డంగా 14 బై 5 ముక్క ఒకటి, నిలువుగా 6 బై 6 ముక్క ఒకటి. అతికించడానికి మామూలు ఫెవికాల్ వాడి రాత్రంతా ఆరనివ్వాలి. తొందరపడి ఇన్‌స్టంట్ గ్లూగానీ చెప్పులు అతికించే రబ్బరు జిగురుగానీ వాడితే థర్మాకోల్ కరిగిపోయి గుంటలు పడుతుంది.

రెక్కను సరిగ్గా మధ్యకు కోసి, రెండు కొనలూ చెరో 3 సెంటీమీటర్లు పైకి లేచేలా మళ్లీ అతికించాలి. పై నుంచి చూస్తే గమనించలేం గానీ, ముందు నుంచి చూస్తే బాగా విచ్చుకున్న ‘వి’ ఆకారం కనిపించాలి. గ్లైడర్ ఒక పక్కకు ఒరిగి అటు జారినప్పుడు, కిందికి దిగిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి దాన్ని పైకి నెడుతుంది. అలా తనంతట తనే నిలదొక్కుకుంటుంది. రెక్క ముందంచు కింద 3 మిల్లీమీటర్ల చిన్న ముక్క పెట్టి పుల్లకు అతికిస్తే రెక్క రెండు డిగ్రీలు పైకి చూస్తుంది. తోక మాత్రం పుల్లకు సమంగా ఉండాలి.

ఇప్పుడు అసలు పని, బరువు సరిచూడటం. రెక్క ముందంచు నుంచి 2 నుంచి 2.5 సెంటీమీటర్లు వెనక్కి, రెండు వైపులా చూపుడు వేళ్లు పెట్టి గ్లైడర్‌ను ఎత్తాలి. తోక కిందికి వాలుతుంది. ముక్కుకు బంకమట్టి కొంచెం కొంచెంగా అంటిస్తూ, సమంగా నిలిచేదాకా చూడాలి. ఈ మెట్టు వదిలేసి ‘ఎగరట్లేదు’ అని విసిరికొట్టే పిల్లలే ఎక్కువ.

విసిరేటప్పుడు ఆకాశంలోకి కాదు. భుజం ఎత్తులో, ముక్కు కాస్త కిందికి ఉంచి, గాలి లేని పొద్దున పూట నెమ్మదిగా వదలాలి. పైకి లేచి, ఆగి, ముక్కు మీద పడిందంటే ముక్కు బరువు చాలలేదు. తిన్నగా నేలకు పొడుచుకుందంటే బరువు ఎక్కువైంది, లేదా తోక వెనకంచును ఒక మిల్లీమీటరు పైకి వంచాలి. ఎప్పుడూ ఒకే పక్కకు తిరుగుతుంటే ఒక రెక్క మెలిపడి ఉంటుంది, వెనక నుంచి ఒక కన్ను మూసి చూస్తే తెలుస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఏం మార్చిందో నోట్‌బుక్కులో రాయాలి. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఈ ఓపిక ఉందో లేదో మీకూ ఆమెకూ తెలిసేది ఇక్కడే. అరడజను సార్లు విఫలమయ్యాక ఏడోసారి బంకమట్టి తీసుకుంటుందా, ఫోన్ తీసుకుంటుందా చూడండి. ఏ ఆప్టిట్యూడ్ టెస్టూ ఇంతకన్నా నిజం చెప్పదు.

ఎగిరాక లెక్క చేయించండి. గ్లైడర్ బరువు 12 గ్రాముల దగ్గర తూగుతుంది. రెక్క వైశాల్యం 320 చదరపు సెంటీమీటర్లు. అంటే రెక్క ఒక్కో చదరపు మీటరుకు మోసేది 375 గ్రాములు. శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 172 నిండు బరువు 1,157 కిలోలు, రెక్క 16.2 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 71 కిలోలు. శంషాబాద్‌లో కనిపించే ప్రయాణికుల విమానం ఏ320 నిండు బరువు దాదాపు 78 టన్నులు, రెక్క 122.6 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 636 కిలోలు. రెక్క ఇచ్చే లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, వేగం వర్గంతో పెరుగుతుంది. సెస్నా కంటే ఏ320 రెక్క మీద భారం తొమ్మిది రెట్లు కాబట్టి వేగం మూడు రెట్లు కావాలి. సెస్నా గంటకు 100 కిలోమీటర్ల దగ్గర నేల వదులుతుంది. ఏ320 వదిలేది 300 దగ్గర కాదు, 260, 280 మధ్య. ఆ తేడా ఎక్కడ పోయింది? రెక్క వెనక కిందికి దిగే ఫ్లాపులు, ముందు జరిగే స్లాట్లు సర్దుబాటు చేశాయి. ఈ జవాబు ఆమే కనుక్కోవాలి, మీరు చెప్పేయకండి.

స్కూల్లోనో యూట్యూబ్‌లోనో ఆమె ఒక తప్పు నేర్చుకుని ఉండొచ్చు. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి పై గాలి ఎక్కువ దూరం పోవాలి, కింది గాలితో సమానంగా వెనకంచు చేరాలి కాబట్టి వేగంగా పోతుంది, అందుకే లిఫ్ట్ అని చెబుతారు. రెండు గాలులూ ఒకేసారి చేరాలన్న నియమం ఎక్కడా లేదు. నిజానికి పై గాలి ముందే చేరుతుంది. ఆ వివరణే నిజమైతే తలకిందులుగా ఎగిరే ఎయిర్‌షో విమానాలు కూలిపోవాలి, ఆమె చేసిన చదునైన థర్మాకోల్ రెక్క అసలు లేవకూడదు. జరిగేది ఇది: రెక్క కొంచెం కోణంలో ఉండి గాలిని కిందికి తిప్పుతుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. అదే సంగతిని పీడనం వైపు నుంచి చూస్తే పైన పీడనం తగ్గుతుంది, కింద కాస్త పెరుగుతుంది. న్యూటన్, బెర్నౌలీ ఇద్దరూ ఒప్పే, లెక్క కట్టే దారులు రెండు. ఆ పీడన తేడా ఎంతో కూడా చెప్పండి, పిల్లలు నమ్మరు. సెస్నాకు చదరపు మీటరుకు 71 కిలోలంటే వాతావరణ పీడనంలో ఒక శాతం కూడా కాదు.

రెండో ప్రయోగానికి స్టాండ్ ఫ్యాన్, వంటింటి డిజిటల్ కాటా చాలు. 20 బై 8 సెంటీమీటర్ల థర్మాకోల్ రెక్కను ఒక పుల్ల మీద నిలబెట్టి, ఆ పుల్లను రాయి ఉన్న డబ్బాలో గుచ్చి కాటా మీద పెట్టాలి. ఫ్యాన్ గాలి మెలికలు తిరుగుతూ వస్తుంది కాబట్టి మధ్యలో స్ట్రాల కట్ట ఒకటి అడ్డుపెట్టి తిన్నగా చెయ్యాలి. గాలి కాటాకు, డబ్బాకు తగలకుండా అట్టముక్క నిలపాలి, లేకపోతే అంకెలు అబద్ధాలు చెబుతాయి. రెక్క కోణాన్ని 0, 5, 10, 15, 20 డిగ్రీలు చేస్తూ కాటా ఎన్ని గ్రాములు తగ్గిందో రాయాలి. తగ్గేది కొద్ది గ్రాములే, కంగారుపడొద్దు. ఒక కోణం దాకా లిఫ్ట్ పెరిగి, తర్వాత పెరగడం మానేస్తుంది. అదే స్టాల్. అసలు విమానాల రెక్కలకు ఇది 15, 16 డిగ్రీల చుట్టుపక్కల వస్తుంది. ఇంజిన్ చక్కగా తిరుగుతున్నా రెక్క స్టాల్ కావచ్చు. ముక్కు దించి కోణం తగ్గిస్తే గాలి మళ్లీ రెక్కను అంటిపెట్టుకుని పారుతుంది. శిక్షణలో మొదట నేర్పే ముఖ్యమైన పాఠాల్లో ఇదొకటి.

మీ ఇంజిన్ భయానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడదు, గ్లైడర్ అవుతుంది. సెస్నా 172 ఒక కిలోమీటరు ఎత్తు నుంచి ఇంజిన్ లేకుండా దాదాపు తొమ్మిది కిలోమీటర్లు జారుతూ పోగలదు. ఆ లోపు దిగే చోటు ఎంచుకోవడం విద్యార్థి చేత పదే పదే చేయిస్తారు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ పోయిన ఏ320ను హడ్సన్ నదిలో దించారు. 155 మందీ బతికారు. ప్రమాదాలు జరగవని అనను, 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో జరిగింది మనందరి కళ్ల ముందే ఉంది. కానీ భయం వేరు, తెలుసుకుని లెక్క వేసుకోవడం వేరు. అమ్మాయి గ్లైడర్ విసిరేటప్పుడు మీరూ పక్కన నిలబడి చూడండి, మీ భయం కొంత అక్కడే తగ్గుతుంది. ఇక ఆడపిల్ల అన్న మాట పక్కన పెట్టండి. మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం మహిళలు, ప్రపంచ సగటు కంటే చాలా ఎక్కువ. 2022 నుంచి సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లోనూ అమ్మాయిలు శిక్షణ పొందుతున్నారు. ఇంటర్ ఎంపీసీతో ఆ పరీక్ష రాసి ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచికి ఎంపికైతే విమానం నడపడం నేర్పేది ప్రభుత్వమే, పొలం అమ్మాల్సిన పనే లేదు.

ప్రయోగాల తర్వాత బయటి ప్రపంచం. ఫోన్‌లో ఎగిరే విమానాలను చూపించే ఫ్లైట్‌రాడార్24 యాప్ పెట్టుకుని శంషాబాద్‌లో ఈ రోజు విమానాలు ఏ దిక్కు నుంచి దిగుతున్నాయో చూడమనండి. రన్‌వే మీద రాసే 09, 27 అంకెలు దిక్సూచి డిగ్రీలే, చివరి సున్నా తీసేశారు. 09 అంటే తూర్పుకు, 27 అంటే పడమరకు. వానాకాలంలో పడమటి గాలి కాబట్టి ఎక్కువగా పడమరకు ముఖం పెట్టి లేస్తాయి, దిగుతాయి. ఎదురుగాలిలో తక్కువ నేల వేగంతోనే రెక్కకు కావలసిన గాలి దొరుకుతుంది. మే నెలలో ఇంకో లెక్క. బేగంపేట సముద్రమట్టానికి 1,742 అడుగుల ఎత్తులో ఉంది. 42 డిగ్రీల ఎండలో గాలి పల్చబడి, విమానానికి అది దాదాపు 5,400 అడుగుల ఎత్తున్న చోటులా అనిపిస్తుంది. రెక్కకూ ఇంజిన్‌కూ ప్రొపెల్లర్‌కూ మూడింటికీ గాలి చాలదు, రన్‌వే మీద పరుగు పొడవవుతుంది.

సెలవుల్లో విశాఖ వెళితే బీచ్ రోడ్డులో నౌకాదళం వాడిన టీయూ-142 విమానం మ్యూజియంగా ఉంది. ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లు, రెక్క వెనకంచున విమానాన్ని పక్కకు ఒరిగించే ఎయిలరాన్లు, తోక దగ్గర ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్, పక్కలకు తిప్పే రడ్డర్ దగ్గరగా చూడొచ్చు. రెండేళ్లకోసారి బేగంపేటలో వింగ్స్ ఇండియా అనే విమానాల ప్రదర్శన జరుగుతుంది, సామాన్య ప్రజలను అనుమతించే రోజులు ముందే ప్రకటిస్తారు. స్కూల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే చేర్చండి, ఏరోమోడలింగ్ నేర్పుతారు. ఏ ఫౌండేషన్ కోర్సూ దానికి సాటి రాదు.

ఐఐటీ ఫౌండేషన్ సంగతి అడిగారు. మీ అన్నయ్య చెప్పింది సగం ఒప్పు. పైలట్‌కైనా, ఏరోస్పేస్ ఇంజినీర్‌కైనా, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌కైనా కావలసింది గట్టి ఫిజిక్స్, లెక్కలే. అవి మీ ఊరి స్కూల్లో బాగా చెబుతుంటే అది కూడా అవసరం లేదు, చెప్పకపోతే ఆ రెండు సబ్జెక్టులకు మంచి ట్యూషన్ చాలు. ఇంటర్‌లో ఎంపీసీ, అంతే.

చేయించాల్సినవి రెండే. ఏదైనా మంచి కంటి ఆసుపత్రిలో ఇషిహారా పరీక్ష చేయించండి, రంగుల చుక్కల్లో అంకెలు చదివించే పది నిమిషాల పని. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని లోపం అమ్మాయిల్లో అరుదు, అయినా చేయించండి. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన పైలట్ ఉద్యోగం పోదు, రంగుల లోపం ఉంటే పోవచ్చు. తర్వాత, ఇంటర్ అయ్యాక ఫ్లయింగ్ స్కూల్‌కు ఒక్క రూపాయి కట్టేముందు డీజీసీఏ క్లాస్ 2, క్లాస్ 1 మెడికల్ రెండూ పూర్తి చేయించండి. ఫీజు కట్టాక మెడికల్‌లో ఆగిపోయిన పిల్లల తల్లిదండ్రుల బాధ చెప్పనలవి కాదు.

అప్పటికీ ఆమె పట్టు వదలకపోతే అసలు ఖర్చు వస్తుంది. కమర్షియల్ లైసెన్సుకు 50 నుంచి 70 లక్షలు, ఆ పైన ఏ320 లాంటి ఒక్కో రకం విమానం నడపడానికి విడిగా తీసుకునే అర్హతకు, అంటే టైప్ రేటింగ్‌కు, మరో 15 నుంచి 25 లక్షలు. వానలు, మంచు, విమానాల కొరత వల్ల 200 గంటలు చెప్పిన గడువులో పూర్తికాకపోవడం మామూలే. లైసెన్సు వచ్చిన రోజే ఉద్యోగం రాదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టొచ్చు, ఆ లోపు రేటింగులు చెల్లుబాటులో ఉంచుకోవడానికీ డబ్బు కావాలి. ‘పైలట్ల కొరత’ అన్న వార్తలు చూసి చాలామంది దూకుతున్నారు. ఆ కొరత ఎక్కువగా అనుభవమున్న కెప్టెన్లది, 200 గంటల కొత్తవాళ్లది కాదు. ఈ దారి గురించి నాకున్న పెద్ద అనుమానం ఇదే, ప్రకటనల్లో ఎవరూ చెప్పనిదీ ఇదే. స్కూల్ ఎంచుకునే రోజు వస్తే డీజీసీఏ 2025లో మొదలుపెట్టిన ఫ్లయింగ్ స్కూళ్ల ర్యాంకులు చూడండి. ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయో, నిరుడు చేరినవాళ్లు ఇప్పటికి ఎన్ని గంటలు చేశారో అక్కడి విద్యార్థులనే అడగండి.

విమానం చుట్టూ వేరే పనులూ ఉన్నాయి. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీగానీ ఇంజినీరింగ్‌గానీ చేస్తే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో కంట్రోలర్ ఉద్యోగానికి పోటీ పడొచ్చు. విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్ కావొచ్చు. ఆదిబట్లలో విమాన భాగాలు తయారవుతున్నాయి, శంషాబాద్‌లో విమానాలు విప్పి బాగుచేస్తున్నారు. గ్లైడర్ ఎందుకు పక్కకు తిరిగిందో పట్టుకునే పిల్ల కాక్‌పిట్‌లో లేకపోయినా అక్కడ రాణిస్తుంది. ఇవి ఇప్పుడే ఆమెకు ఏకరువు పెట్టకండి, పదో తరగతి అయ్యాక మాట్లాడొచ్చు.

ఇక ఆ 10,000. రసీదు వెనక షరతులు చదవండి, ‘తిరిగి ఇవ్వబడదు’ అని ఉన్నా సరే అడగండి. ఫోన్‌లో కాదు, ఈమెయిల్‌లోనో రిజిస్టర్డ్ పోస్టులోనో, ‘తరగతులు మొదలుకాలేదు, చేరడం లేదు, అడ్వాన్సు వాపసు ఇవ్వండి’ అని తేదీతో రాయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చెయ్యండి. అది తిరిగి రాకపోయినా, పోయిన 10,000 కోసం మిగతా 1,70,000 మాత్రం కట్టకండి.